సీటెక్కనివ్వకుండా అనుభవం అడుగుతారా?

కృష్ణకు ఆవలి గట్టున రాజధాని పనులు. ఈవలి గట్టున పటమటలో పని కోసం ఎదురుచూసే కుర్రాళ్లు. మధ్యలో దాటాల్సింది ఒక్క సీటు. పొక్లెయిన్ సీటు, జేసీబీ సీటు, క్రేన్ సీటు. ఆ సీటు దాకా మనవాణ్ణి ఎందుకు రానివ్వడం లేదన్నదే ఈ వారం ప్రశ్న.

2025 మే 2న ప్రధాని చేతుల మీదుగా అమరావతి పనులు మళ్లీ మొదలయ్యాయి. యంత్రాలు దిగాయి. ఆపరేటర్ పని అడగబోయిన కొత్త కుర్రాడికి ఎదురయ్యే మొదటి మాట, ‘అనుభవం ఎన్నేళ్లు?’ అనుభవం ఎక్కడొస్తుంది? సీటు మీద. సీటు ఎవరికిస్తారు? అనుభవం ఉన్నవాడికి! పెళ్లి కుదిరితేగాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితేగాని పెళ్లి కుదరదన్న సామెత ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. పొరుగు రాష్ట్రాల నుంచి వచ్చి పనిచేసే కార్మికుల మీద మనకు కోపం లేదు. వాళ్లూ పొట్ట చేతపట్టుకుని వచ్చినవాళ్లే. మన కోపమంతా మన పిల్లలకు నేర్చుకునే దారి వేయని పాలకుల మీద.

ఇన్నాళ్లూ ఆపరేటర్లు ఎలా తయారయ్యారు? హెల్పర్‌గా చేరి, గ్రీజు పెట్టి, డీజిల్ పోసి, గురువు అన్నానికి దిగినప్పుడు దొంగచాటుగా లివర్ పట్టుకుని నేర్చుకున్నారు. ఆ దారిలో వచ్చినవాళ్లను తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు మూడు గండ్లు పూడ్చే పనిలో రాత్రీ పగలూ యంత్రం దిగనిది వాళ్లే. అదే వరదల్లో ఖమ్మం దగ్గర మున్నేరు వంతెన మీద చిక్కుకున్న తొమ్మిది మందిని జేసీబీ తీసుకెళ్లి కాపాడిందీ ఒక ఆపరేటరే. అయితే దొంగచాటు చదువులో ఒక లోపముంది. గురువుకు తెలియనిది శిష్యుడికీ తెలియదు. తప్పు జరిగితే ఫీజు కట్టేది పక్కన నిలబడ్డ కూలీ ప్రాణం.

లివర్లు కదపడం నాలుగు రోజుల్లో వస్తుంది. కదపకూడనిది ఎప్పుడో తెలియడమే అసలు చదువు. పొక్లెయిన్ తిరిగినప్పుడు వెనక బరువు ఎంత దూరం తిరుగుతుందో, ఆ చుట్టులో మనిషి ఉంటే ఏమవుతుందో తెలియాలి. జేసీబీ తవ్వేముందు వెనక కాళ్లు దించి నిలబెట్టాలి. బండి ఆపితే బకెట్ నేలకు దించాలి. యాభై టన్నుల క్రేన్ అంటే ఎక్కడైనా యాభై టన్నులు ఎత్తుతుందని కాదు. బూమ్ దూరం చాచేకొద్దీ ఎత్తగల బరువు తగ్గిపోతుంది. ఎంత దూరంలో ఎంత బరువో చెప్పే లోడ్ చార్టు క్యాబిన్‌లోనే ఉంటుంది. దాన్ని చదవడం ఎవరు నేర్పారు?

మన డెల్టా నేల సంగతి వేరే. నల్లమట్టి ఎండితే రాయి, తడిస్తే బురద. పొద్దున నిలిచిన కాలువ అంచు వాన పడితే సాయంత్రానికి జారిపోతుంది. తవ్విన మట్టి అంచు మీదే పోస్తే కింద ఉన్నవాడి మీద కూలుతుంది. క్రేన్ కాళ్ల కింద దిమ్మెలు వేయకపోతే ఒక కాలు దిగబడుతుంది. పైన కరెంటు తీగలు, కింద మంచినీటి పైపులు, కేబుళ్లు. కింద ఏముందో తవ్వేముందే అడిగి తెలుసుకోవడానికి 2023 మార్చిలో కేంద్రం ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ పెట్టింది. బకెట్ దించే మనిషికి ఆ మాట చేరిందా? ఇవన్నీ పుస్తకం చదివితే రావు. సిమ్యులేటర్ ముందు కూర్చోబెట్టి ఫొటో తీసినా రావు. ఈ మట్టిలో, ఈ యంత్రం మీద, పక్కన గురువు ఉండగా గంటలు గంటలు పనిచేస్తే వస్తాయి.

చట్టాలు లేవా? ఉన్నాయి. ఎత్తే యంత్రాల మీద 18 ఏళ్లు నిండి, పని వచ్చి, ప్రమాదాలు తెలిసి, వైద్య పరీక్ష అయినవాడే ఉండాలని భవన నిర్మాణ కార్మికుల కేంద్ర నియమాలు 1998లోనే చెప్పాయి. 2025 నవంబరులో లేబర్ కోడ్‌లు వచ్చాయి. చట్టం పేరు మారింది, పని చోట ఏం మారింది? 1961 నాటి అప్రెంటిస్‌ల చట్టం కింద, 2019లో సవరించిన నియమాల ప్రకారం 30 మంది లేదా అంతకు మించి సిబ్బంది ఉన్న సంస్థ 2.5 నుంచి 15 శాతం దాకా అప్రెంటిస్‌లను తీసుకోవాలి. రాజధాని కాంట్రాక్టర్లు ఎందరిని తీసుకున్నారు? వారిలో యంత్రం మీద కూర్చున్నవారెందరు? ప్రభుత్వం లెక్క బయట పెట్టాలి.

మన డిమాండ్లు గొంతెమ్మ కోరికలు కావు. ప్రతి పెద్ద కాంట్రాక్టులో శిక్షణ సీట్లు ఇన్ని అని రాయాలి. పటమట పక్కనే ఆటోనగర్ ఉంది. ఇంజన్ శబ్దం విని జబ్బు చెప్పగల మేస్త్రీలున్న చోటు. అక్కడో, దగ్గరలోనో ఒక ఖాళీ స్థలం ఇచ్చి సాధన యార్డు పెట్టాలి. సీటు మీద గడిపిన ప్రతి గంటా లాగ్‌బుక్‌కు ఎక్కాలి. నేర్పినవాడు కాక మరొకరు పరీక్ష పెట్టాలి. నేర్చుకునే కాలంలో స్టైపెండ్, బీమా ఉండాలి. ఆడపిల్లలకూ సీటు ఉండాలి. లివర్‌కు ఆడామగా తేడా తెలియదు. పాత ఆపరేటర్ల అనుభవాన్ని పరీక్షించి సర్టిఫికెట్ ఇవ్వాలి, వాళ్లనే గురువులుగా పెట్టుకోవాలి.

విద్యార్థి మిత్రులారా, డిగ్రీ పట్టా ఉన్నవాడికి లివర్ పట్టడం నామోషీ కాదు. ఉద్యోగ సోదరులారా, టెండరు కాగితం మీ బల్ల మీదుగానే పోతుంది. అందులో శిక్షణ సీట్ల గురించి ఒక్క వాక్యం ఉందో లేదో చూడండి. లేకపోతే ఫైలు మీద రాయండి, రాసి అడగండి. మన నేల తవ్వే పనిలో మన పిల్లలు గట్టున నిలబడి చూసే రోజులు పోవాలి. సీటివ్వండి, నేర్పండి, ఆ తర్వాత అనుభవం అడగండి!