కొంగకి డబ్బింగ్ ఎవరు చెప్పారు?

తెరమీద కొలను కనబడితే మన సినిమావాళ్ళకి ఒక జబ్బు. కొంగ ఎగిరిందా, వెనకనుంచి ఏదో పిట్ట కిలకిలా కూసేస్తుంది! అది ఎవరి గొంతని ఎవరూ అడగరు. నేనూ అడగలేదు. పైగా ఒక సమీక్షలో 'కొంగల కిలకిలలు వీనులవిందు' అని రాసిపారేశాను. అదెంత అబద్ధమో నాకు తెలియజెప్పింది ఓ ఎనిమిదో క్లాసు అమ్మాయి.

కిందటి డిసెంబరులో ఒక బడి పిల్లలు గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుకి పక్షుల గొంతులు రికార్డు చేయడానికి వెళ్తుంటే నేనూ బస్సెక్కాను. క్యారియర్లకంటే యంత్రాలే ఎక్కువ! అన్నీ సొంత తయారీ. తళతళలాడే బేసిను, నడుమ బద్దకి కట్టిన ఇయర్‌ఫోను మైకు, గాలి హోరు పడకుండా దానికి తొడిగిన పాత సాక్సు (ఉతికిందేనని ఒట్టేశారు), వైరు చివర సెల్‌ఫోను. బేసిను గుంట దూరపు చప్పుడుని పోగుచేసి ఒక చోటికి పంపుతుంది. మైకు సరిగ్గా అక్కడుండాలి. ఆ చోటెక్కడో ఎలా పట్టారంటారా? బేసిన్ని ఎండకి పెట్టి, వెలుగు చుక్కలా కూడినచోట మైకు కట్టారు. భలే!

అన్నట్టు, మనకి తెలిసినంతలో పక్షి గొంతుని మొట్టమొదట రికార్డు చేసిందీ ఓ పిల్లాడే. 1889లో జర్మనీలో లుడ్విగ్ కోఖ్ అనే ఎనిమిదేళ్ళ కుర్రాడు మైనపు గొట్టం మీద పట్టాడు. పాడిందెవరనుకున్నారు? మన దేశపు షామా పిట్ట! మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' వచ్చింది 1932లో. అంటే మన నటీనటులకంటే 43 ఏళ్ళ ముందే ఆ పిట్టకి ఛాన్సొచ్చిందన్నమాట.

సరే, చెరువు దగ్గరికి వద్దాం. చెట్లనిండా గూడబాతులు, రంగురంగుల పెద్ద కొంగలు. మధ్యాహ్నం గట్టుమీద కూర్చుని రికార్డులు విన్నాం. ఒకడి దాంట్లో మోటారుసైకిలు హారను. ఇంకొకడి దాంట్లో "ష్, నోర్మూసుకోండ్రా" అన్న వాడి గొంతే! చాలామందికి కొంగపిల్లల ఆకలి గోల దొరికింది. ఒక్క ఆ అమ్మాయి ఫోనులో మాత్రం టకటక, టకటక.

"గ్యాస్ లైటర్ని రికార్డు చేసిందిరోయ్!" అని నవ్వారు.

"వైరు లూజైందమ్మా. అది తీసేసి మళ్ళీ పట్టుకురా," అన్నారు మాస్టారు.

"లూజు కాదు సార్. అది ముక్కు కొట్టుకుంటుంటే చూశాను." కళ్ళలో నీళ్ళు. ఫోను మాత్రం వదల్లేదు. పొద్దుట్నించి ఒకే చెట్టుకి ఎదురుగా కూర్చుంది పాపం.

గట్టుమీద గేదెలు కాస్తున్న ముసలాయన ఏదీ అని ఫోను చెవిన పెట్టుకున్నాడు. "గూటికాడ జంట కొంగల చప్పుడు గదయ్యా ఇది! పెద్ద కొంగకి గొంతేడుంది? అరిచేది పిల్లలే," అన్నాడు.

మాస్టారు ఇంకోసారి విన్నారు. "నాదే తప్పమ్మా," అన్నారు.

ఇంటికొచ్చి పుస్తకాలు తిరగేస్తే ముసలాయన మాటే నిజం. ఇంగ్లీషులో పెయింటెడ్ స్టార్క్ అనే ఈ కొంగ పెద్దయ్యాక దాదాపు మూగది. గూటి దగ్గర ముక్కు టకటకలాడిస్తుంది, అంతే.

తిరుగు బస్సులో ఒకడు తను తీసిన కొంగల వీడియోకి కోయిల కూత తగిలిద్దామన్నాడు. ఆ అమ్మాయి వాడి ఫోను లాక్కుని, "నా టకటకే పెట్టు," అంది. నా సమీక్ష సంగతి మాత్రం ఆ పిల్లకి చెప్పలేదు. చెబితే నా పెన్ను కూడా లాక్కునేదేమో!