నేరవృత్తాంత చిత్రములు: భావసృష్టియు సత్యధర్మమును

శూద్రకుని మృచ్ఛకటిక నవమాంకమున చారుదత్తుడు హత్యాభియోగముపై న్యాయసభకు వచ్చును. దారిలో కాకి అరచును, పాము అడ్డము కనబడును, ఎడమకన్ను అదరును. సభలో విదూషకుని చంకనుండి వసంతసేన నగలు జారిపడును. ఈ దుశ్శకునములును, ఈ నగలును ప్రేక్షకుని గుండెను బరువెక్కించునే గాని అతని బుద్ధిని మోసగింపవు. ఏలయన, వసంతసేన గొంతు నులిమినవాడు శకారుడని అష్టమాంకముననే అతడు కన్నులార చూచియున్నాడు. కవి సత్యమును ముందు చూపి, భావమును పిమ్మట కల్పించినాడు.

నేటి నేరవృత్తాంత డాక్యుమెంటరీలలో ఈ క్రమము తరచుగా తలక్రిందగుచున్నది. భావము ముందు వచ్చును. సత్యము పిమ్మట వచ్చును. ఒక్కొక్కప్పుడు రానే రాదు. మసక వెలుతురు, నిర్జనమైన వీధి, మంద్రస్థాయిలో సాగు ఒక్క స్వరము - ఇవి తెరపై నిలిచిన నిమిషములోపలనే ప్రేక్షకుని మనస్సు ఒక తీర్పునకు సిద్ధపడును. సాక్షి ఇంకను నోరు విప్పియుండడు. సాహిత్యశాఖలలో ఈ చిత్రములను గూర్చి జరుగు చర్చ యెక్కువగా వస్తువునకే పరిమితమగుచున్నది. వస్తువుకంటె నిర్మాణప్రక్రియయే ఇచ్చట విమర్శకుని దృష్టికి ముందుగా రాదగినది.

ఈ ప్రక్రియ శక్తిని తెలిసికొనుటకు ఎర్రల్ మోరిస్ నిర్మించిన 'ది థిన్ బ్లూ లైన్' (1988) మంచి ఉదాహరణము. 1976లో అమెరికాలోని డల్లాస్ నగరమున ఒక పోలీసు అధికారి కాల్పులలో మరణించెను. రాండల్ ఆడమ్స్ అను వానికి మరణశిక్ష పడెను. 1980లో అమెరికా సుప్రీం కోర్టు ఆ శిక్షను త్రోసివేసెను. పిమ్మట అది యావజ్జీవ కారాగారమైనది. చిత్రమున వ్యాఖ్యాత లేడు. ఫిలిప్ గ్లాస్ సంగీతమున చిన్న స్వరసముదాయములు మరల మరల తిరుగుచు, తప్పించుకొనరాని విధిని స్ఫురింపజేయును. హత్యాఘట్టము పలుమార్లు పునరభినయింపబడును. ప్రతిసారియు ఏదో ఒక వివరము మారును. మృతుని సహోద్యోగిని కారు దిగినదా, లోపలనే కూర్చున్నదా యను సందేహమును, మందగతిలో గాలిలో ఎగిరి నేలబడు ఒక మిల్క్‌షేక్ పాత్ర ప్రేక్షకుని మనసున నాటును.

ఇచ్చట గమనింపదగినది ఒకటి కలదు. ఆ పునరభినయములలో ఏదియు 'ఇట్లే జరిగినది' అని చెప్పదు. సాక్షులు చెప్పినదానిని చూపి, ఆ మాటలు ఒకదానితో నొకటి పొసగకుండుటను బయటపెట్టును. చిట్టచివర, అసలు నేరము మోపవలసిన వ్యక్తితో జరిగిన సంభాషణ వినవచ్చునపుడు తెరపై కనబడునది ఒక టేపు రికార్డరు మాత్రమే. కెమేరా చెడిపోవుటచే ఏర్పడిన ఆ నిరాడంబరత చిత్రమునకు ప్రాణమైనది. 1989లో ఆడమ్స్‌పై తీర్పు కొట్టివేయబడి అతడు విడుదల నొందెను. ఇది ప్రక్రియ సత్యమునకు దాసియై పనిచేసిన సందర్భము.

ఆండ్రూ జరెక్కి నిర్మించిన 'ది జింక్స్' (2015) దీనికి మరియొక పార్శ్వమును చూపును. సంభాషణ ముగిసిన పిమ్మట రాబర్ట్ డర్స్ట్ స్నానాగారమునకు పోయి, మైకు పనిచేయుచున్నదని మరచి తనలో తాను గొణగుకొనెను. తానేమి చేసితినను ప్రశ్నయు, వెంటనే అందరిని చంపితినను సమాధానమును ప్రేక్షకులు వినిరి. ఆ మాటల అనంతరము మిగిలిన నిశ్శబ్దము లక్షలమందిని నిశ్చేష్టులను చేసినది. అయితే 2019లో న్యాయస్థానమునకు సమర్పింపబడిన పూర్తి ప్రతిలో ఆ రెండు వాక్యములు ఒకదాని ప్రక్క నొకటి లేవు. సమాధానముగా వినబడినది ముందును, ప్రశ్నగా వినబడినది చివరను ఉన్నవి. నడుమ వేరు మాటలు కలవు. 2021లో న్యాయస్థానము డర్స్ట్‌ను హత్యానేరమున దోషిగా నిర్ణయించినది. కాని మనుష్యుడు దోషియైనంత మాత్రమున కూర్పు నిర్దోషమగునా? అన్వయము మార్చిన వ్యాఖ్యాత చివర చెప్పిన తాత్పర్యము సరియైనదే యైనను, పాఠమును చెరచిన దోషము అతనిని వదలదు. పాఠపరిష్కరణ మెరిగిన పండితులకు ఈ మాట వివరించి చెప్పనక్కరలేదు.

భారతదేశమునను ఈ సమస్య నేడు పరోక్షమైనది కాదు. 2018 జూలై 1న ఢిల్లీలోని బురారిలో ఒకే కుటుంబమునకు చెందిన 11 మంది మరణించి కనబడిరి. ఆ యింటి గోడనుండి వెలికి వచ్చిన 11 గొట్టములను వార్తాప్రసారములు ఏదో గూఢసంకేతమువలె పదే పదే చూపినవి. మామూలు గొట్టము, సంఖ్య కలిసినంతనే, భయానకమునకు ఉద్దీపన విభావమైనది. 2021లో వెలువడిన 'హౌస్ ఆఫ్ సీక్రెట్స్' ఆ ప్రసారముల ధోరణిని ప్రశ్నించినది. కాని దానికిని ఏ.ఆర్. రహ్మాన్ సంగీతము తోడైనది. సంగీతమెంత సంయమముతో నున్నను భావమును నడిపించకమానదు.

2024 ఫిబ్రవరిలో, విచారణ సాగుచున్న ఒక హత్యకేసుపై నిర్మింపబడిన 'ది ఇంద్రాణీ ముఖర్జియా స్టోరీ: బరీడ్ ట్రూత్' విడుదలను నిలుపవలెనని సీబీఐ బొంబాయి హైకోర్టును కోరినది. న్యాయమూర్తులు ఆ చిత్రమును చూచి, విడుదలకు అడ్డు చెప్పలేదు. వాక్కును అణచకుండుట మేలే. అయినను, చిత్రమున చెప్పబడిన మాటలను తూచుట సులభము. వాని వెనుక మ్రోగిన స్వరమును తూచుటకు తూనిక యేది? ఆ పని విమర్శకునిది.

కూర్పు లేనిదే కథనమే లేదనియు, రుచి లేని సత్యమును ఎవరును చూడరనియు కొందరు వాదింతురు. వాదము త్రోసివేయదగినది కాదు. మోరిస్ చిత్రమే దానికి నిదర్శనము. అయితే రసవాదము ఇచ్చట ఒక హద్దును చూపుచున్నది. భట్టనాయకుడు ప్రతిపాదించి అభినవగుప్తుడు గ్రహించిన సాధారణీకరణము వలన కావ్యములోని వ్యక్తి తన వైయక్తికతను విడుచును. అందుచేతనే అతని దుఃఖము సహృదయునకు ఆస్వాద్యమగును. డాక్యుమెంటరీలోని తల్లి అట్లు సాధారణీకృతురాలు కాదు. ఆమెకు పేరు కలదు, వీథి కలదు, చిత్రము ముగిసిన తరువాత ఆ యింటనే బ్రదుకవలసియున్నది. నిందితునకు ఇంకను తీర్పు రావలసియుండవచ్చును. సజీవవ్యక్తిని విభావముగా వాడుకొనువానికి కవికున్న స్వాతంత్ర్యము లేదు.

కావున ఇట్టి చిత్రముల నుండి కొన్ని నియమములు కోరుట న్యాయము. పునరభినయము ఎవరి మాటకు రూపమో ప్రేక్షకునకు తెలియవలెను. ఒకరి పలుకుల వరుస మార్చినచో ఆ సంగతి చెప్పవలెను. వాఙ్మూలము సాగునంతసేపు సంగీతము మౌనము వహింపవలెను. భాషాంతరీకరణమున అనువాదస్వరము క్రింద మూలస్వరము వినబడవలెను; తడబాటు, నిట్టూర్పు కూడ సాక్ష్యములే, వానిని నటుని గొంతు చెరిపివేయరాదు.

భారతీయ భాషాశాఖల విద్యార్థులకు ఒక చిన్న పరీక్ష విధింపవచ్చును. ఒక చిత్రములోని సాక్ష్యఘట్టమును మొదట శబ్దము లేక చూచి, పిమ్మట మాటలను మాత్రము వ్రాతప్రతిలో చదివి, చివరకు సంగీతముతో చూడవలెను. మూడు పర్యాయములును ఒకే అభిప్రాయము కలిగినచో అది సాక్ష్యము చేసిన పని. మూడవసారి మాత్రమే నిందితుడు హంతకుడుగా తోచినచో, తీర్పు చెప్పినది సాక్షి కాదు, వాద్యగాడు.