అక్కా, ఆ బటన్ నువ్వే నొక్కు!

పోయిన ఎండాకాలం మా పెద్దమ్మ కూతురింటికి రాయచోటి పోయినాను. అక్క పెద్ద కూతురు కువైట్‌లో ఒకరింట్లో వంటపని చేస్తోంది. వెళ్లి మూడేళ్లయింది. ఆ పిల్ల కొడుకు ఆరేళ్లవాడు, అక్క దగ్గరే పెరుగుతున్నాడు. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు ఇది కొత్త సంగతేం కాదు లెండి. ఏ వీధికి పోయినా కువైట్‌లో మనిషి ఉన్న ఇల్లు ఒకటైనా తగులుతుంది.

ఇంట్లో ఉన్నది ఒకే ఒక్క స్మార్ట్ ఫోను. అది పొద్దున్నే బావతో పాటు ఆటో ఎక్కి పోతుంది. అక్కకున్నది బటన్ల ఫోను. చిన్నకొడుకు డిగ్రీ చదువుకని సెకండ్‌హ్యాండ్‌లో కొన్న కంప్యూటర్ మాత్రం ముందు గదిలో కుట్టుపని గుడ్డ కప్పుకుని కూర్చుని ఉంటుంది. సాయంత్రం మరిది కొడుకు వచ్చి ఆ గుడ్డ తీసి కువైట్‌కు కాల్ కలిపాడు. క్షణంలో గది నిండిపోయింది. బావ, మరిది, తోడికోడలు, పక్కింటి అవ్వ, గుమ్మంలో నేను.

"బాగుండావా అమ్మీ?"

"బాగుండానమ్మా."

"తిన్న్యావా?"

"తిన్న్యా."

పిల్లవాడిని ముందుకు తోశారు. వాడు సిగ్గుపడి అవ్వ కొంగు చాటుకు పోయాడు. నాలుగు నిమిషాల్లో అంతా అయిపోయింది. వంటింట్లోకి వచ్చాక అక్క సంగటి గెలుకుతూ మెల్లగా అంది: "దానికి బాగలేదే. గొంతు పూడుకోని ఉండాది."

"మరి అడగొచ్చు కదక్కా?"

"ఇంతమందిలో ఏమని అడిగేది? వాడొచ్చి కలిపితేనే గదా నేను మాట్లాడేది!"

ఈ వారం ఈ పేజీ రాయడానికి కారణం ఆ ఒక్క మాటే.

ఆలోచించి చూడండి, మన ఇళ్లలో ఆడవాళ్ల కబురు ఎప్పుడూ ఇంకొకరి చేతుల మీదుగానే పోయింది. ఒకప్పుడు ఉత్తరం రాసిపెట్టేది బడిపంతులుగారు, వచ్చిన ఉత్తరం చదివి వినిపించేది ఆయనే. గల్ఫ్ ప్రయాణాలు మొదలయ్యాక టేప్‌రికార్డర్‌లో మాటలు నింపి, ఊరికి వచ్చిపోయే వాళ్ల చేతికి క్యాసెట్ ఇచ్చి పంపేవాళ్లు. ఆ క్యాసెట్ వాకిట్లో పెడితే వాడవాడంతా వినేది. తర్వాత పీపీ నంబరు వచ్చింది. పక్కింటివాళ్లు పిలిస్తే పరుగెత్తుకుంటూ పోయి, వాళ్ల హాల్లో నిలబడి మాట్లాడాలి. ఎస్టీడీ బూతులో అద్దాల తలుపు ఉండేది నిజమే, కానీ రాత్రి పదకొండు దాటాక పావు రేటు కోసం వరుసలో నిలబడిన వాళ్లందరి చెవులూ అటే ఉండేవి. కళ్ల ముందు మీటరు గిర్రున తిరుగుతుంటే కష్టం చెప్పుకోవాలా, క్షేమం అడగాలా?

ఇంటర్నెట్ మీద మాట్లాడటం ఇప్పటిది కాదు. 1995 ఫిబ్రవరిలో ఇజ్రాయెల్‌లోని వోకల్‌టెక్ అనే సంస్థ, కంప్యూటర్ నుంచి కంప్యూటర్‌కు మాట్లాడుకునే ఒక ప్రోగ్రామును అమ్మకానికి తెచ్చింది. అదే ఏడాది ఆగస్టు 15న వీఎస్‌ఎన్‌ఎల్ మన దేశంలో జనానికి ఇంటర్నెట్ ఇచ్చింది. ఇంటర్నెట్ టెలిఫోనుకు మన ప్రభుత్వం అనుమతి ఇచ్చింది మాత్రం 2002 ఏప్రిల్‌లో. ఆ రోజుల్లో కర్నూలు నెట్ సెంటర్లలో అమెరికాలో కొడుకులున్న అమ్మానాన్నలు హెడ్‌ఫోన్లు తగిలించుకుని యాహూ మెసెంజర్‌లో గట్టిగట్టిగా కేకలు వేయడం నేను చూశాను. తర్వాత 2003లో స్కైప్ వచ్చింది. మా అక్కావాళ్లూ ఆ నీలం బొమ్మకే అలవాటుపడ్డారు. ఆ ఒక్క బొమ్మ నొక్కడం అక్కకూ వచ్చేది. 2025 మే 5న స్కైప్‌ను మూసేశారు. మరిది కొడుకు కంప్యూటర్‌లోకి వాట్సాప్ తెచ్చిపెట్టాడు గానీ అక్కకు నేర్పలేదు. మళ్లీ కథ మొదటికి వచ్చింది.

సరే, విషయానికొద్దాం. డబ్బులు లేకుండా ఎట్లా మాట్లాడిస్తారు అని అనుమానం రావచ్చు. మన గొంతును కంప్యూటర్ చిన్నచిన్న తునకలు చేసి, వాటిని ఉత్తరాల్లాగా ఇంటర్నెట్‌లో పంపుతుంది. అవతలి యంత్రం వాటిని వరుసగా పేర్చి వినిపిస్తుంది. నెట్‌కు నెలనెలా కట్టే డబ్బే ఖర్చు, మాటకు వేరే లెక్క లేదు. అయితే అవతల కూడా నెట్ ఉండాలి, ఇద్దరి దగ్గరా అదే ప్రోగ్రామ్ ఉండాలి. మామూలు ఫోన్ నంబరుకు చేస్తామంటే అది వేరే లెక్క, దానికి డబ్బు పడుతుంది. ఏపీ ఫైబర్‌నెట్ 2017 డిసెంబరులో నెలకు 149 రూపాయలకు మొదలైనప్పటి నుంచి మన పల్లెల్లో కూడా కరెంటు స్తంభాల మీదుగా కేబుల్ ఇంట్లోకి వచ్చింది. టీవీ కోసం పెట్టించుకున్న ఆ పెట్టెలోనే ఇంటర్నెట్ కూడా ఉందని తెలియని ఇళ్లు నేను చూశాను. మీ ఇంట్లోనూ ఒకసారి అడగండి.

ముందుగా కొనవలసింది హెడ్‌సెట్. చెవులకు పెట్టుకునేది, నోటి దగ్గర మైకు ఉండేది. మూడు నాలుగు వందల్లో వస్తుంది. వీలైతే యూఎస్‌బీది తీసుకోండి, ఎక్కడ పెట్టాలా అని వెతుక్కునే పని ఉండదు. రెండు పిన్నులదైతే గులాబీ రంగు రంధ్రం మైకుకు, ఆకుపచ్చది చెవులకు. ఫోన్‌తో వచ్చిన ఇయర్‌ఫోన్లను పాత కంప్యూటర్ ఆకుపచ్చ రంధ్రంలో పెడితే అవతలి మాట మనకు వినబడుతుంది గానీ మన మాట వాళ్లకు పోదు. "హలో హలో" అని గొంతు చించుకునే వాళ్లలో సగం మంది కష్టం ఇదే. హెడ్‌సెట్ వల్ల ఇంకో లాభముంది. అమ్మాయి చెప్పేది మీ చెవులకే చేరుతుంది, ముందు గదికి చేరదు!

ఇక వాట్సాప్. కంప్యూటర్‌లో మైక్రోసాఫ్ట్ స్టోర్ అనేది ఉంటుంది, అందులోంచి వాట్సాప్ దించుకోండి. తెరిస్తే నల్ల ముగ్గులాంటి చదరం ఒకటి కనబడుతుంది. దానినే క్యూఆర్ కోడ్ అంటారు. ఫోన్‌లోని వాట్సాప్‌లో పైన మూడు చుక్కలు నొక్కి, లింక్డ్ డివైసెస్ అన్నచోటికి పోయి, ఫోన్ కెమెరాను ఆ ముగ్గుకు చూపించండి. అంతే. ఇది ఒక్కసారి చేస్తే చాలు, తర్వాత ఫోన్ ఆటోలో తిరుగుతున్నా కంప్యూటర్‌లో మాట్లాడుకోవచ్చు. పద్నాలుగు రోజులకు మించి ఆ ఫోన్ వాడకుండా పెట్టేస్తే మాత్రం లింకు తెగిపోతుంది. అమ్మాయి పేరు మీద నొక్కండి, పైన ఫోన్ బొమ్మ కనబడుతుంది, దాన్ని నొక్కండి. మొదటిసారి మైకు వాడుకోవచ్చా అని కంప్యూటర్ అడుగుతుంది. అలౌ అనండి. భయపడి నో అంటే ఆ తర్వాత మీ మాట ఎవరికీ వినబడదు.

నేరుగా కువైట్‌కు చేయకండి. ముందు పక్క వీధిలోని వదినకో, చెల్లెలికో చేసి చూడండి. ఆమె నవ్వినా ఫర్వాలేదు.

ఇక్కడ ఒక చిక్కుంది, దాచడం దేనికి? బావ నంబరుకు కలిపిన వాట్సాప్ బావదే అవుతుంది. కాల్ వస్తే ఆయన ఫోనూ మోగుతుంది, ఎవరితో ఎంతసేపు మాట్లాడారో అందులో పడుతుంది. మాటలు మాత్రం పడవు. అదీ వద్దనుకుంటే మీ పేరుతో ఒక జీమెయిల్ తెరిపించుకుని గూగుల్ మీట్‌లో మాట్లాడండి. అమ్మాయికి లింకు పంపితే ఆమె దాన్ని నొక్కి వస్తుంది. ఇద్దరే మాట్లాడుకుంటే రోజంతా మాట్లాడినా తెగదు, ముగ్గురైతే గంట దాటనివ్వదు. జీమెయిల్ పాస్‌వర్డ్ మాత్రం మీ పోపులపెట్టె అంత పదిలంగా మీ దగ్గరే ఉండాలి.

దుబాయ్, షార్జా వైపు మనిషి ఉన్నవాళ్లకు ఇంకో మాట. అక్కడ వాట్సాప్‌లో మెసేజీ పోయినా కాల్ పోకపోవడం ఏళ్లుగా ఉన్నదే. అక్కడి ప్రభుత్వం అనుమతించిన బోటిమ్ లాంటివే వాడుతూ వచ్చారు. కాబట్టి మనిషి విమానం ఎక్కకముందే అక్కడ ఏది నడుస్తుందో కనుక్కుని, రెండు వైపులా పెట్టుకోండి.

మాట సరిగా రాకపోతే నెట్‌ను తిట్టేముందు ఇల్లు చూడండి. మన ఎండలకు కూలర్ లేనిదే గడవదు గదా, ఆ కూలర్ హోరు మైకులో పడితే అవతల వాన కురిసినట్టు వినబడుతుంది. పది నిమిషాలు ఆపండి. మీ మాట మీకే తిరిగి వినబడుతుంటే తప్పు మీది కాదు, అవతలివాళ్ల స్పీకరు శబ్దం వాళ్ల మైకులోకే పోతోందన్నమాట. వాళ్లను ఇయర్‌ఫోన్ పెట్టుకోమనండి. కరెంటు పోతే ల్యాప్‌టాప్ నడిచినా నెట్ పెట్టె ఆగిపోతుంది. దాని మట్టుకు సరిపోయే చిన్న యూపీఎస్‌లు అమ్ముతున్నారు.

అన్నిటికన్నా ముఖ్యం, వీడియో ఆపేయండి. చూడాలని ఉంటుంది, నిజమే. మొదట ఒక నిమిషం చూసుకోండి, పిల్లవాడిని చూపించండి, తర్వాత కెమెరా ఆపి మాట్లాడండి. బొమ్మకు పోయే నెట్ తగ్గితే మాట తేటగా వస్తుంది, ఇది ఒకటి. ఎదురుగా అమ్మ మొహం కనబడుతుంటే ఏ ఆడపిల్లా ఏడవదు, నవ్వు మొహమే పెట్టుకుంటుంది, ఇది రెండోది. చీకట్లో పక్కపక్కన పడుకుని చెప్పుకునే మాటలు వేరు కదా!

వేళ కూడా చూసుకోవాలి. కువైట్ మనకన్నా రెండున్నర గంటలు వెనుక. అక్కడ పని ముగిసి తొమ్మిదిన్నరకు గదిలోకి వస్తే మనకు అర్ధరాత్రి పన్నెండు. ఇల్లంతా నిద్రపోయే వేళ అదే.

మా అక్కకు నేర్పడానికి మూడు రోజులు పట్టింది. మొదటి రోజు మౌస్ పట్టుకోవడానికే చేయి వణికింది. "ఏమన్నా చెడిపోతే మీ బావ తిడతాడే" అంది. రెండో రోజు అటక మీద పడుకున్న నా ఫోనుకు ముందు గదిలోంచి కాల్ చేసి, నేను ఎత్తగానే భయపడి పెట్టేసింది. మూడో రోజు రాత్రి తనంతట తానే కువైట్‌కు కలిపింది. నేను లేచి వాకిట్లోకి పోయి కూర్చున్నాను. నలభై నిమిషాలు మాట్లాడింది.

మూడు నెలలుగా జీతం ఇవ్వలేదట. పాస్‌పోర్టు ఆ ఇంటివాళ్ల దగ్గరే ఉందట. నాయన వింటే తట్టుకోలేడని, బాబాయి వింటే ఊరంతా చాటుతాడని ఆ పిల్ల ఇన్నాళ్లూ "బాగుండా" అంటూ వచ్చింది.

ఇలాంటి సంగతి వింటే మీరు చేతులు కట్టుకుని కూర్చోనక్కరలేదు. కువైట్‌లో ఇంటిపని వాళ్ల కోసం 2015లో 68వ నంబరు చట్టం వచ్చింది. వారానికి ఒకరోజు జీతంతో సెలవు ఇవ్వాలి, రోజుకు పన్నెండు గంటలకు మించి పని చేయించకూడదు, పాస్‌పోర్టు యజమాని దగ్గర పెట్టుకోకూడదు అని అందులో ఉంది. ఫిర్యాదు అక్కడి మన రాయబార కార్యాలయానికి పోవాలి. ఇక్కడి నుంచి కుటుంబసభ్యులు విదేశాంగ శాఖ వారి మదద్ వెబ్‌సైట్‌లోనూ పెట్టవచ్చు. రాష్ట్ర ప్రభుత్వం వారి ఏపీఎన్‌ఆర్‌టీ సొసైటీకి కూడా చెప్పవచ్చు. అక్క మరుసటి రోజు బావను కూర్చోబెట్టి, అరిచి గోల చేయనని మాట తీసుకుని, విషయం చెప్పింది. ఇద్దరూ కలిసి మదద్‌లో పెట్టించారు. రెండు నెలల జీతం చేతికొచ్చింది. మూడోది, పాస్‌పోర్టు ఇంకా రావాలి.

ఒక జాగ్రత్త చెప్పి ముగిస్తాను. కంప్యూటర్‌లో కాల్స్ మొదలుపెట్టాక తెలియని నంబర్ల నుంచీ వస్తాయి. పోలీసు బట్టలేసుకుని వీడియోలో కనబడి, "మీ అమ్మాయి కేసులో ఇరుక్కుంది, డబ్బు కట్టండి, కదలకుండా కూర్చోండి" అని బెదిరించేవాళ్లున్నారు. డిజిటల్ అరెస్ట్ అనేది మన చట్టంలో లేదు. పెట్టేసి 1930కి ఫోన్ చేయండి. వాట్సాప్ కలుపుకునే ఆ క్యూఆర్ ముగ్గు, ఓటీపీ అంకెలు ఎవరడిగినా ఇవ్వకండి. అమ్మాకూతుళ్లు ఒక గుర్తు మాట కూడా అనుకుని పెట్టుకోండి. మా అక్కావాళ్లది ఏమిటో నాకూ చెప్పలేదు.

ఇప్పుడు హెడ్‌సెట్ వాళ్ల వంటింటి గోడకు, జల్లెడ పక్కన మేకుకు వేలాడుతోంది. మొన్న శుక్రవారం ఆ పిల్ల అమ్మను ఎర్రకారం ఎట్లా నూరాలో అడిగిందట. పనిచేసే ఇంట్లో పిల్లలకు దోసె మీద పూసి పెట్టాలట. ఎండుమిరపకాయలు నానబెట్టి, ఎర్రగడ్డ, ఉప్పు వేసి నూరమంది అక్క. తెల్లగడ్డ ఎన్ని రెబ్బలు వేయాలో దగ్గర ఇద్దరికీ తగువొచ్చి, అరగంట అందులోనే పోయిందట.