పదేళ్ల నిషేధం

సిడ్నీ రేవు పక్కన బాల్మెయిన్ అనే కార్మికుల పేటలో పుట్టింది డాన్ ఫ్రేజర్. చిన్నప్పటి నుంచీ ఉబ్బసం. అయినా 1956, 1960, 1964 ఒలింపిక్స్‌లో వంద మీటర్ల ఫ్రీస్టైల్ స్వర్ణం ఆమెదే. ఒకే పోటీని వరసగా మూడుసార్లు గెలవడం ఈతలో అంతకుముందు ఆడామగా ఎవరికీ చేతకాలేదు. ఆ దూరాన్ని నిమిషంలోపు ఈదిన తొలి మహిళ కూడా ఆమే.

మూడో స్వర్ణం కథ వేరు. 1964లో ఆమె నడుపుతున్న కారు ప్రమాదానికి గురై తల్లి చనిపోయింది. మెడ ఎముక దెబ్బతిన్న డాన్ వారాల తరబడి కట్టుతో ఉంది. ఆ అక్టోబరులోనే టోక్యోలో 59.5 సెకన్లలో గెలిచింది, అదీ 27 ఏళ్ల వయసులో!

స్వదేశపు ఈత సంఘం ఇచ్చిన బహుమానం పదేళ్ల నిషేధం. ఇంతకీ నేరమేమిటంటే, వద్దన్నా ప్రారంభోత్సవ కవాతులో నడిచింది, సంఘం ఇచ్చినవి కాదని తనకు నచ్చిన ఈత దుస్తులు వేసుకుంది. జెండా ఎత్తుకుపోయే అల్లరి ఒకటి దీనికి తోడైంది. నిషేధం నాలుగేళ్లకే ఎత్తేశారు గానీ, అప్పటికి మెక్సికో ఒలింపిక్స్ ముంగిట్లో ఉన్నాయి. సాధనకు వ్యవధేదీ?

ఈ సంచిక ముఖచిత్ర కథనం ఆమె గురించే. చదివి, ఆ శిక్ష సబబో కాదో మాకు రాయండి. మాకైతే సబబనిపించలేదు.