ఉపవాసం కాదు, ఆపరేషన్



ఈ వారం వాక్యధ్యానం రాయడం లేదు. ఒక ఒప్పుకోలు రాస్తున్నాను.

రెండేళ్ల క్రితం నేను 124 కిలోలు ఉండేవాడిని. ఇప్పుడు 89. "అయ్యగారు ఉపవాస ప్రార్థనలతో తగ్గారు" అని మీలో చాలామంది అనుకున్నారు. నేను కాదనలేదు. ఒక సహోదరి స్త్రీల కూడికలో అదే సాక్ష్యంగా చెబితే నవ్వి ఊరుకున్నాను. నిజమేమిటంటే, నేను విశాఖపట్నంలో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను. మీకు మాత్రం "గ్యాస్ ట్రబుల్‌కి చిన్న ఆపరేషన్" అని చెప్పాను.

ఇప్పుడెందుకు చెబుతున్నానంటే, గత నెలలో షుగరు మాత్రలు వాడుతున్న మన సహోదరుడు ఒకరు నన్ను చూసి మూడు రోజుల ఉపవాసం పట్టారు. అన్నం మానేశారు గాని మాత్ర మానలేదు. రెండో రోజు సాయంత్రం ఒళ్లంతా చెమటలు పట్టి, మాట తడబడి, కాలువ గట్టు మీద పడిపోయారు. స్పృహ ఉంది కాబట్టి పక్కవాళ్లు పంచదార నీళ్లు తాగించి ఆసుపత్రికి తీసుకెళ్లారు. నేను చూడటానికి వెళ్తే ఆయన అన్న మాట ఇది: "మీకున్నంత విశ్వాసం నాకు లేదేమో అయ్యగారూ."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఆయన్ని పడేసింది ఆయన అల్పవిశ్వాసం కాదు, నా అబద్ధం.

నేనంత లావు ఎలా అయ్యానో మీకు తెలుసు. ఒక ఇంట్లో పొట్టిక్కలు, ఇంకో ఇంట్లో జంతికలు, కాఫీ. మధ్యాహ్నం గృహప్రవేశ ప్రార్థనలో బిర్యానీ. రాత్రి కాటేజీ కూడిక అయ్యాక మళ్లీ అన్నం. వద్దంటే "మా ఇంట్లో తినరా అయ్యగారూ" అని మొహం చిన్నబుచ్చుకుంటారు. ఒకప్పుడు మన పెద్దల చేతి మంచినీళ్లు కూడా ముట్టని మనుషుల్ని చూసిన ఇళ్లవి. అలాంటి ఇంట్లో కంచం ముందు కూర్చుని వద్దనడం నాకు చేతకాలేదు. అలాగని తప్పు మీ మీదకు నెట్టను. తిన్నది నేను. తినమన్న చోటే కాదు, ఎవరూ చూడని చోటా తిన్నాను.

ఆఖరికి మోకాళ్లు వంగేవి కావు. మోకరించలేని పాస్టరుని నేను. లంకల్లో కుటుంబాలను చూడటానికి నావ ఎక్కితే, "మీరు మధ్యలో కూర్చోండి అయ్యగారూ" అనేవాడు సరంగు. రాత్రిళ్లు గురక మధ్యలో ఊపిరి ఆగిపోతోందని మా ఇంటావిడ తట్టి లేపేది. షుగరు, బీపీ సరేసరి. తోటి సేవకుడు ఒకాయన నన్ను "ఏలీ" అని పిలిచేవాడు. సమూయేలు గ్రంథంలో బలసిన దేహంతో పీఠం మీది నుంచి పడి చనిపోయిన యాజకుడు ఏలీ. అందరితో పాటు నేనూ నవ్వేవాణ్ణి.

తిండిబోతుతనం పాపమే. అది నాలో లేదనను. కానీ లావుగా ఉన్న ప్రతి మనిషీ తిండిబోతు కాదు. వంశాన్ని బట్టి, కొన్ని మందుల వల్ల, థైరాయిడ్ వల్ల, ఆడవాళ్లలో పీసీఓడీ వల్ల కూడా బరువు పెరుగుతుంది. పైగా ఒకసారి పెరిగిన ఒళ్లు తగ్గడానికి తేలిగ్గా ఒప్పుకోదు. మనం తగ్గిన కొద్దీ అది ఆకలిని పెంచుతుంది, ఖర్చు తగ్గించుకుంటుంది. నేను మూడుసార్లు పదేసి కిలోలు తగ్గాను. మూడుసార్లూ పన్నెండేసి పెరిగాను.

డాక్టరు గారు ఆపరేషన్ మాట ఎత్తగానే మా ఇంటావిడ ఏడ్చింది. "ఆ హీరోయిన్ అలాగే చనిపోయింది కదండీ" అంది. ఆర్తీ అగర్వాల్ గారు 2015 జూన్‌లో అమెరికాలో చనిపోయినప్పుడు ఆమెకు 31 ఏళ్లే. అంతకు కొన్ని వారాల ముందు లైపోసక్షన్ చేయించుకున్నారని అప్పట్లో పేపర్లన్నీ రాశాయి. డాక్టరు గారు ఓపిగ్గా వివరించారు: లైపోసక్షన్ అంటే చర్మం కింద కొవ్వును గొట్టంతో లాగేయడం. అది ఒంటి ఆకారం కోసం చేసేది, ఊబకాయానికి మందు కాదు. నాకు చేసింది స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ. పొట్ట మీద చిన్న రంధ్రాలు పెట్టి, జీర్ణకోశంలో దాదాపు 80 శాతం తీసేస్తారు. మిగిలేది మన చక్కెరకేళి అరటిపండు ఆకారంలో ఒక సన్నని గొట్టం. ఆకలి పుట్టించే గ్రెలిన్ అనే హార్మోను ఎక్కువగా తయారయ్యేది ఆ తీసేసిన భాగంలోనే. అందుకే ఆకలి కూడా తగ్గుతుంది.

ఇది అందరికీ చేసేది కాదు. బీఎంఐ 40 దాటినవాళ్లకి, లేదా 35 దాటి షుగరు లాంటి జబ్బులున్నవాళ్లకి అని చాలాకాలం లెక్క ఉండేది. 2022లో అంతర్జాతీయ వైద్య సంఘాలు ఆ అంకెలను తగ్గించాయి. మన ఆసియావాళ్లకి ఇంకా తగ్గించాయి, తక్కువ బరువుకే మనకి షుగరు వస్తుంది గనుక. నా బీఎంఐ 44. రక్తస్రావం, కుట్ల దగ్గర లీకు లాంటి ప్రమాదాలున్నాయని ముందే చెప్పి సంతకం పెట్టించుకున్నారు. కేంద్ర మంత్రిగా ఉండగానే అరుణ్ జైట్లీ గారు 2014లో ఇలాంటి ఆపరేషన్ చేయించుకున్న సంగతి దేశమంతటికీ తెలుసు. ఐ.పోలవరంలో నలుగురికి చెప్పుకోవడానికి నాకే సిగ్గేసింది.

ఆ తర్వాత సంగతి కూడా చెప్పాలి. మొదటి రెండు వారాలు నీళ్లూ మజ్జిగలాంటివే, గుక్క గుక్కగా. తర్వాత మెత్తగా చేసినవి. మూడో నెలలో జుట్టు రాలింది. బి12, ఐరన్ తగ్గకుండా చూసుకోవాలి, మాత్రలు జీవితాంతం వేసుకోవాలి, ఏటా రక్తపరీక్షలు చేయించుకోవాలి. ముందు గుడ్డో చేపో పప్పో తినాలి, అన్నం ఆఖరున. భోజనంతో పాటు నీళ్లు తాగకూడదు.

పొట్ట చిన్నదైంది గాని నోరు చిన్నది కాలేదు. ఏడాదికి 84 కిలోలకు వచ్చాను. తర్వాత ఐదు కిలోలు పెరిగాను. ఎలాగంటారా? గట్టివి పట్టవు గాని పాయసం, ఐస్‌క్రీం, పూతరేకులు నోట్లోనే కరిగిపోతాయి కదా. కత్తి కడుపుని కోసింది, కోరికను కొయ్యలేదు. దానితో నేను రోజూ పోరాడాల్సిందే, రోజూ ప్రార్థించాల్సిందే. నా నిజమైన ఉపవాసం ఆపరేషన్ తర్వాతే మొదలైంది.

మరి ఇది విశ్వాసం లేకపోవడమా? హిజ్కియా రాజు కన్నీళ్లతో ప్రార్థిస్తే దేవుడు ఆయుష్షు పొడిగించాడు. అయినా ఆ పుండు మీద అంజూరపు పండ్ల ముద్ద కట్టమని చెప్పింది ప్రవక్తే. పౌలుతో నడిచిన లూకా వైద్యుడు. ప్రార్థన చేసినవాడు మందు వాడితే దేవునికి అవమానం కాదు. మందు వాడి ప్రార్థన పేరు చెప్పుకుంటేనే అవమానం. నేను చేసింది అదే.

కాబట్టి సంఘమా, మీకు మూడు మనవులు. షుగరుకి, బీపీకి మాత్రలు వాడేవాళ్లు డాక్టరుని అడగకుండా ఉపవాసం పట్టవద్దు. లావుగా ఉన్న బిడ్డల్ని, ముఖ్యంగా పెళ్లికి ఎదిగిన ఆడపిల్లల్ని, గుడి మెట్ల మీద ఎగతాళి చేయవద్దు. ఇంటికొచ్చిన మనిషి చాలంటే ఒక్కసారికే నమ్మండి. మీ ఇంట్లో నేను రెండు ముద్దలే తిన్నా అది పూర్తి భోజనమే.

మొన్న ఆదివారం ఆ సహోదరుడి ఇంటికి వెళ్లి ఇదంతా చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదాయన. తర్వాత, "ముందే చెప్పుంటే మాత్ర సంగతి డాక్టరు గారిని అడిగేవాణ్ణి కదా అయ్యగారూ" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఆయన మంచం పక్కన మోకరించి క్షమించమని అడిగాను. ఇప్పుడు మోకాళ్లు వంగుతున్నాయి.

ఆయన సమ్మతితోనే ఇది రాశాను. మీరు కూడా నన్ను క్షమించండి, నా కోసం ప్రార్థించండి.

ప్రభువు మన దేహములను, మన నాలుకలను కాపాడును గాక. ఆమెన్.