మూడు విజిళ్ల నడుమ ప్రార్థన



ఈ వారం తాండూరు నుంచి వచ్చిన ఒక ఉత్తరానికి జవాబు రాస్తున్నాను. పేరు వేయొద్దని ఆ చెల్లెలు కోరింది, వేయను. ఆమె భర్త నాపరాళ్ల పాలిషింగు యూనిట్లో పని చేస్తాడు. బడికి పోయే పిల్లలు ఇద్దరు, చంటిది ఒకటి, మంచం పట్టిన అత్తగారు. తెల్లారి నాలుగున్నరకు లేస్తే రాత్రి పదకొండు దాకా నడుం వాల్చే తీరిక లేదట. ఆదివారం సాక్ష్యాల్లో ఒకరు రోజూ గంటసేపు మోకాళ్ల మీద ఉంటామంటారు, ఇంకొకరు ఏడాదిలో బైబిలంతా చదివామంటారు. తనకేమో కళ్లు మూసుకుంటే చాలు, నిద్ర ముంచుకొస్తుంది. నాలాంటి దాని మీద దేవుని కృప ఉంటుందా అక్కా అని అడిగింది. ఉత్తరం చివర చిన్న అక్షరాలతో ఇంకో మాట కూడా రాసింది. దాని సంగతి ఆఖరున చెబుతాను.

ఈ ప్రశ్న తాండూరు చెల్లెలిది ఒక్కదానిదే కాదు. ఇల్లు నడిపే ప్రతి ఆడదానిదీ. హిందువైతే పూజకు టైము దొరకలేదని, ముస్లిమైతే నమాజు తప్పిందని, మనమైతే ప్రార్థన చేసుకోలేదని, ఎవరి దిగులు వాళ్లకుంటుంది. నేను పుట్టి పెరిగిన మెథడిస్టు సంఘం సంగతులు నాకు తెలుసు గనక వాటితోనే చెబుతాను. మిగిలిన వాళ్లు మీ ఇంటి పద్ధతికి అన్వయించుకోండి.

కృప కూలి కాదు

ముందు అసలు చిక్కు విప్పుకుందాం. తాండూరులో బండలకు చదరపు అడుగుల లెక్క కడతారు. ఇన్ని అడుగులకు ఇంత రూపాయి. మనం దేవుడి దగ్గర కూడా ఇదే లెక్క పెడుతున్నాం. ఇంతసేపు ప్రార్థిస్తే ఇంత దీవెన అనుకుంటాం. అలా లెక్క కట్టి ఇచ్చేది కూలి. కృప అనేది అడగకముందే, అర్హత చూడకుండా ఇచ్చేది. చంటిదానికి పాలిచ్చేటప్పుడు నువ్వేమైనా లెక్క చూస్తావా చెల్లీ? అది పొద్దున ఎంత ఏడిపించినా ఆకలికి పాలు ఇస్తావా, ఇయ్యవా?

మెథడిస్టు సంఘానికి మూలపురుషుడు జాన్ వెస్లీ. 1703లో ఇంగ్లండులో పుట్టాడు. ఆక్స్‌ఫర్డులో ఉన్న రోజుల్లో ఆయనా, తమ్ముడు చార్లెసూ, ఇంకొంతమంది స్నేహితులూ వేళ ప్రకారం ప్రార్థన, వాక్యం, వారంలో రెండు రోజుల ఉపవాసం, జైల్లో ఖైదీలను చూసి రావడం, అన్నీ ఒక పద్ధతిగా చేసేవాళ్లు. అది చూసి తోటి విద్యార్థులు ఎగతాళిగా పెట్టిన పేరే మెథడిస్టులు. అంటే పద్ధతిగాళ్లు అన్నమాట! ఇంత పద్ధతిగా బతికినా ఆయన మనసుకు నెమ్మది దొరకలేదు. 1738 మే 24న లండనులో ఒక చిన్న కూటంలో కూర్చుని వింటున్నప్పుడు, తనను రక్షించేది తన క్రమశిక్షణ కాదు, క్రీస్తు కృపేనని గట్టిగా నమ్మకం కుదిరింది. ఆ తర్వాత ఆయన ప్రార్థనలు మానలేదు. కానీ దేవుణ్ణి మెప్పించాలని కాకుండా, ప్రేమ దొరికిందన్న సంతోషంతో చేశాడు. చేసే పని అదే, చేసే మనసు మారింది.

వెస్లీ చెప్పిన కృపను నేను ఇంటి భాషలో ఇలా అర్థం చేసుకున్నాను. పిల్లలు లేవకముందే అమ్మ లేచి నీళ్లు కాచి పెడుతుంది. వాళ్లకు ఆ సంగతే తెలియదు. మనం దేవుణ్ణి తలచుకోకముందే మన కోసం పని చేసే కృప అలాంటిది. తప్పు చేసి తల దించుకుని వచ్చిన బిడ్డను దగ్గరికి తీసుకుని క్షమించే కృప రెండోది. ఆ బిడ్డకు రోజుకింత నేర్పి, మెల్లగా మంచి మనిషిగా పెంచే కృప మూడోది. మొదటిది లేకపోతే మనకు దేవుడి కోసం బెంగే పుట్టదు. చెల్లీ, ప్రార్థన చేసుకోలేకపోతున్నానే అని నువ్వు బాధ పడుతున్నావే, ఆ బాధే కృప నీ ఇంట్లో ఉందనడానికి గుర్తు.

వంటింట్లో సుసన్నమ్మ

జాన్ వెస్లీ గురించి అందరూ చెబుతారు. మనం వాళ్లమ్మ సుసన్నా వెస్లీ గురించి చెప్పుకోవాలి. 1669లో పుట్టింది. పంతొమ్మిది మందిని కన్నది. అందులో తొమ్మిది మంది పసితనంలోనే పోయారు. భర్త పాస్టరే కానీ అప్పుల పాలై 1705లో జైలుకు కూడా వెళ్లాడు. 1709లో ఇల్లు కాలిపోయింది. అయిదేళ్ల జాన్‌ను మేడ మీది కిటికీలోంచి దించి బతికించారు. ఇన్ని కష్టాల్లో ఆమెకు ప్రార్థన గది ఎక్కడిది? తన ఏప్రాన్‌ను తల మీద కప్పుకుని కూర్చునేదని, అలా కూర్చుంటే అమ్మ దేవుడితో మాట్లాడుతోంది, పిలవొద్దు అని పిల్లలకు తెలిసేదని చెబుతారు. మనకు కొంగు ఉంది కదా!

ఆమె చేసిన ఇంకో పని నాకు చాలా నచ్చింది. వారంలో ఒక్కో సాయంత్రం ఒక్కో బిడ్డకు ఇచ్చేది. ఆ కాసేపు ఆ బిడ్డతోనే కూర్చుని వాళ్ల మనసులో మాట వినేది. జాన్‌కు గురువారం. ఆయన పెద్దవాడై బయటికి వెళ్లాక కూడా, ఆ గురువారం సాయంత్రాన్ని తనకోసం కేటాయించమని తల్లికి ఉత్తరం రాశాడు. చూశారా, ఆమె చేసిన భక్తి బిడ్డకు ఎలా గుర్తుండిపోయిందో!

1711-12 చలికాలంలో భర్త లండనులో ఉన్నప్పుడు ఆదివారం సాయంత్రాలు వంటింట్లో పిల్లలకు ప్రసంగాలు చదివి వినిపించేది. పనివాళ్లు వచ్చి కూర్చున్నారు, వాళ్ల వెనక ఇరుగుపొరుగు వచ్చారు. చివరికి రెండు వందల మంది దాటారు. ఆడది కూటం నడపడం ఏమిటని భర్త ఉత్తరం రాస్తే, ఆమె మర్యాదగానే, కానీ భయపడకుండా తన వైపు న్యాయం చెప్పింది. కూటం ఆగలేదు. ఓర్పు గల ఇల్లాలంటే నోరు లేనిదని అర్థం కాదు అక్కయ్యలూ.

ఇలాంటివాడే ఇంకొకాయన, బ్రదర్ లారెన్సు. మన సంఘం కాదు, రోమన్ కేథలిక్కు. ఫ్రాన్సు దేశంలో యుద్ధంలో గాయపడి కుంటివాడై, పారిసులో ఒక మఠంలో చేరితే వంటింట్లో వేశారు. ఆయనకు వంట పనంటే అసలు ఇష్టం లేదు. అయినా ఏళ్ల తరబడి ఆ గిన్నెల మధ్యే, చేతి పని ఆపకుండా దేవుడితో మాట్లాడుకోవడం నేర్చుకున్నాడు. 1691లో చనిపోయాక ఆయన మాటలు, ఉత్తరాలు పుస్తకంగా వచ్చాయి. మూడు వందల ఏళ్లు దాటినా లోకమంతా చదువుతున్నారు.

రెండు సెంట్లు, పిడికెడు బియ్యం

మన వికారాబాదులో ఆడపిల్లల బడి, ఆసుపత్రి పెట్టింది మెథడిస్టు మిషనే. ఈ పనుల వెనక డబ్బున్న దొరలే ఉన్నారనుకుంటాం. 1869 మార్చిలో అమెరికాలోని బోస్టనులో ఒక వానరోజున గుప్పెడు మంది ఆడవాళ్లు కూడి ఒక సమాజం పెట్టారు. సభ్యత్వం వారానికి రెండు సెంట్లు, దానితో పాటు ఒక ప్రార్థన. ఆ చిల్లరతోనే 1870కల్లా ఇసబెల్లా థోబర్న్ అనే టీచరమ్మ, క్లారా స్వెయిన్ అనే డాక్టరమ్మ మన దేశంలో అడుగు పెట్టారు. తర్వాత ఆ పని దక్కనుకూ పాకింది. బైబిలు స్త్రీలు ఊరూరా తిరిగి ఆడవాళ్లకు వాక్యంతో పాటు అక్షరాలూ నేర్పారు. 1981 నుంచి మన మెథడిస్టు సంఘం బయటి దేశం పెత్తనం లేకుండా తన కాళ్ల మీద తను నిలబడింది.

రెండు సెంట్లలాంటిదే మన పిడికెడు బియ్యం. వంటకు బియ్యం కొలిచేటప్పుడు ఒక పిడికెడు తీసి వేరే డబ్బాలో పోసి, ఆదివారం గుడికి తీసుకుపోవడం మన సంఘాల్లో చాలామంది ఎరిగిందే. ఈశాన్యాన మిజోరంలో 1910లో మొదలైన ఈ అలవాటు ఈనాటికీ సాగుతోంది. ఆ బియ్యంతోనే అక్కడి సంఘాలు ఎంతో పరిచర్య నడుపుతున్నాయి. చేతిలో రూపాయి లేని ఇల్లాలు కూడా మొగుణ్ణి అడగకుండా ఇవ్వగల కానుక ఇదొక్కటే!

మన్నా నిలవ ఉండదు

ఇశ్రాయేలీయులకు అరణ్యంలో మన్నా కురిసిన కథ మీకు తెలుసు. తెల్లారగానే ఎవరి ఇంటికి సరిపడా వాళ్లు ఏరుకోవాలి. ఆశపడి మర్నాటికి దాస్తే పురుగు పట్టి కంపు కొట్టింది. విశ్రాంతి దినం ముందు మాత్రం రెండింతలు ఏరుకోవచ్చు. మన ఫ్రిజ్జు బుద్ధికి ఇది కొత్తగా ఉంటుంది. జాతరలో వారం రోజులు ప్రార్థించి ఏడాదికి సరిపెట్టుకుందామంటే కుదరదు.

జాతరంటే గుర్తొచ్చింది. ఏటా నవంబరులో మన ధారూరులో మెథడిస్టు జాతర జరుగుతుంది. తెలంగాణ నుంచే కాక కర్ణాటక నుంచీ జనం వచ్చి గుడారాలు వేసుకుంటారు. మూడు రాళ్ల పొయ్యి మీద అన్నం ఉడుకుతుంటే పక్కన కీర్తన నడుస్తుంటుంది. అక్కడ వంటా, ఆరాధనా వేరు వేరుగా ఉండవు. ఆ గుడారాన్ని ఇంటికి తెచ్చుకోవడమే రోజువారీ భక్తి. అది ఎలాగో రాస్తాను, మీకు వీలైనది పట్టుకోండి.

1. పొయ్యి వెలిగించేటప్పుడు ఒక్క మాట: ప్రభువా, ఈ రోజు నీది. అంతే.

2. పప్పు కుక్కరు ఎక్కించాక మూడు విజిళ్లు వచ్చేలోపు ముగ్గురిని తలచుకోండి. మొదటి విజిలుకు ఇంట్లోవాళ్లు, రెండోదానికి కష్టంలో ఉన్న పొరుగువాళ్లు, మూడోదానికి మీకు గిట్టనివాళ్లు. మూడోదే కష్టం! మన తాండూరు కందిపప్పు తొందరగా ఉడుకుతుందని పేరు. 2022లో దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. అందుకని ప్రార్థన కూడా కాస్త తొందరగా చేసుకోవాలి మరి!

3. ఒక వాక్యం కాగితం మీద రాసి బియ్యం డబ్బా మూతకు అంటించండి. వారమంతా అదే. అధ్యాయాలకు అధ్యాయాలు చదవలేని వారంలో ఒక్క వాక్యాన్ని నెమరేసుకోవచ్చు.

4. మంచం పట్టిన పెద్దవాళ్లకు నీళ్లు పోసేటప్పుడు, బట్టలు మార్చేటప్పుడు అది కూడా ఆరాధనే అనుకోండి. రోగిని చూసినవాడు నన్ను చూసినట్టే అన్న అర్థంలో ప్రభువే చెప్పాడు కదా.

5. రాత్రి కుటుంబ ప్రార్థన పది నిమిషాలు చాలు. టీవీ ఆపండి, ఫోన్లు పక్కన పెట్టండి. పిల్లల చేత ఒక కీర్తన పాడించండి. వారానికో రోజు ఒక్కో బిడ్డ దగ్గర పావుగంట కూర్చోండి.

6. నిద్ర వస్తే పడుకోండి. అలసిపోయిన ఏలీయాకు దేవదూత ముందు రొట్టె, నీళ్లు ఇచ్చి నిద్ర పోనిచ్చాడు. దేవుని మాట ఆ తర్వాతే.

చిన్న అక్షరాల మాట

ఇప్పుడు ఉత్తరం చివరి మాట. భర్త తాగి వచ్చిన రాత్రి చెయ్యి చేసుకుంటాడట. ఎవరికో చెప్పుకుంటే, అది నీ సిలువ, ఓర్చుకో, ప్రార్థన చెయ్యి అన్నారట.

చెల్లీ, ప్రార్థన తప్పకుండా చెయ్యి. కానీ దెబ్బలు నీ సిలువ కావు. క్రీస్తు తన ఇష్టంతో, లోకాన్ని బతికించడానికి సిలువ మోశాడు. తాగిన మనిషి చేతి దెబ్బకు ఎవరు బతుకుతారు? క్షమించడం వేరు, దెబ్బల్ని దాచిపెట్టడం వేరు. మనసులో పగ పెట్టుకోకుండానే ఇక నన్ను కొట్టొద్దు అనవచ్చు. ఆయన మారాలని ప్రార్థిస్తూనే బిడ్డల్ని తీసుకుని తల్లిగారింటికి పోవచ్చు. తప్పును తప్పని చెప్పకుండా కప్పిపెడితే ఆయనకూ మేలు జరగదు.

మీ పాస్టరమ్మకో, స్త్రీల సమాజంలో నోరు జారని పెద్దామెకో చెప్పు. 181కి ఫోను చేస్తే పగలైనా రాత్రైనా మాట్లాడతారు, డబ్బు పడదు. జిల్లాల్లో సఖి కేంద్రాలున్నాయి. 2005 నాటి గృహహింస చట్టం ప్రకారం కొట్టకుండా కోర్టు ఉత్తర్వు, అదే ఇంట్లో ఉండే హక్కు రెండూ అడగవచ్చు. ఇవి వాడుకుంటే విశ్వాసం తగ్గినట్టు కాదు. జ్వరానికి గోలీ వేసుకుంటే విశ్వాసం తగ్గిందంటామా?

సంఘంలోని అక్కయ్యలకు కూడా ఒక మనవి. మీ పక్కన కూర్చునే చెల్లెలు ఎండలో కూడా నిండు చేతుల రవికె వేసుకొస్తుంటే, సాక్ష్యం వేళ తల ఎత్తకపోతే, ఓర్చుకో అనేముందు ఒక్కసారి ఆమె ఇంటికి వెళ్లి చూడండి. ఒక పూట ఆమె చంటిదాన్ని మీరు ఎత్తుకోండి. కృప చాలాసార్లు పొరుగింటామె చేతుల్లోంచే వస్తుంది.

తాండూరు చెల్లీ, నువ్వు మళ్లీ ఉత్తరం రాయి. ఈసారి ఆ మాట పెద్ద అక్షరాలతోనే రాయి. మేమందరం చదువుతాం, మూడు విజిళ్లలో ఒకటి నీకోసం ఉంచుతాం.