పిగిలిపిట్టలు: తల చూసి చెప్పండి

టెల్కో కంపెనీ 2003లో టాటా మోటార్స్‌గా మారింది. జంషెడ్‌పూర్‌లోని కాలనీ మాత్రం ఇప్పటికీ టెల్కో కాలనీయే. పాత పేర్లు అంత తేలిగ్గా పోవు. అక్కడి పెరళ్లలో తిరిగే పిగిలిపిట్టదీ అదే కథ. 1766లో లినేయస్‌ దాని శాస్త్రీయ నామంలో పెట్టిన 'కేఫర్‌' అనే మాట దక్షిణాఫ్రికాను సూచిస్తుంది. అసలు ఆ పిట్ట పుట్టిల్లు మన వైపే.

తెలుగువారికి మరో చిక్కు. బుల్‌బుల్‌ ఏదైనా పిగిలిపిట్టే. తోక కింది ఎరుపు చూసి తేల్చుకుందామంటే ఎర్ర మీసాల బుల్‌బుల్‌కూ అది ఉంటుంది. అందుకే తల చూడాలి. నల్లటి తల, పొట్టి జుట్టు, పొలుసుల్లాంటి గీతలున్న ముదురు ఒళ్లు ఉంటే అది మామూలు పిగిలిపిట్ట. ఎగిరితే తోక మొదట్లో తెలుపు మెరుస్తుంది. నిటారుగా నిలిచిన కొమ్ములాంటి జుట్టు, తెల్లటి చెంప, కంటి వెనుక ఎర్ర మచ్చ ఉంటే రెండోది. ఇంగ్లిషువారికి మీసంలా తోచింది ఆ మచ్చే. పిల్లలకది ఉండదు. పాటలో తీపి కూడా దీనిదే ఎక్కువ.

ఆ అందమే దానికి పంజరం తెచ్చిపెట్టింది. మొదటిదానికి పౌరుషం ముప్పు. అస్సాంలోని హాజోలో మాఘ బిహు పందేలకు పట్టేది దాన్నే. ఆ పందేలకు వీలు కల్పించిన ప్రభుత్వ మార్గదర్శకాలను గౌహతి హైకోర్టు 2024 డిసెంబర్‌లో కొట్టేసింది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఏ బుల్‌బుల్‌ను పట్టినా నేరమే. తేడా తలలోనే, చట్టానికి రెండూ ఒకటే.